పేకాట లెక్కతో బేరం ఆడటం ఎలా

బేరానికి వెళ్లే ముందు, ఇంట్లోనే, ప్రశాంతంగా ఉన్నప్పుడే, ఒక కాగితం మీద మూడు అంకెలు రాసుకోండి. ఎంత దాటితే లేచి వచ్చేయాలి అన్నది మొదటిది. ఈ బేరం కుదరకపోతే నాకున్న రెండో దారిలో ఎంత వస్తుంది అన్నది రెండోది. ఎదుటి మనిషి నిజంగా ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఒప్పుకోగలడు అన్నది మూడోది, దీనికి మాత్రం ఒక్క అంకె సరిపోదు, కింద ఒకటి పైన ఒకటి రాయాలి. పోకర్ బాగా ఆడేవాళ్లు ప్రతి రౌండులోనూ చేసే పని దాదాపు ఇదే, వాళ్లు మనసులో చేసుకుంటారు, మనం కాగితం మీద చేద్దాం.

పోకర్ అంటే ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా కూర్చుని అబద్ధమాడి గెలిచేయడం అని మనలో చాలామందికి ఒక అభిప్రాయం ఉంది. అది నిజం కాదు. 2017 జనవరిలో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ నలుగురు గట్టి ఆటగాళ్లతో ఒక్కొక్కరితో విడివిడిగా, మొత్తం 1,20,000 రౌండ్లు ఆడి గెలిచింది. దానికి ముఖం లేదు, ఎదుటివాడి ముఖం చూడటానికి కళ్లూ లేవు. మరి దేంతో గెలిచింది? తెలియని దానికి సరైన ధర కట్టడంతో. వ్యాపారంలో కూడా మనకి పనికొచ్చేది ఆ ఒక్క నేర్పే, మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే.

నేను పలాస, కాశీబుగ్గ వైపు జీడిపప్పు కొనుగోళ్లు, అమ్మకాలు చూస్తుంటాను కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే ఇస్తాను. మీది నరసన్నపేటలో బట్టల షాపు అయినా, రాజాంలో హార్డ్‌వేర్ అయినా, విజయనగరంలో చిన్న కాంట్రాక్టు పని అయినా అంకెలు మారతాయి గానీ పద్ధతి మారదు.

ముందు ఆట సంగతి

ఎక్కువమంది ఆడే రకం టెక్సాస్ హోల్డెమ్. 52 ముక్కల పేక, జోకర్లు ఉండవు. ఒక్కొక్కరికి రెండు ముక్కలు పంచుతారు, అవి వాళ్లకే తెలుసు. తర్వాత మధ్యలో అందరికీ కనిపించేలా మూడు ముక్కలు ఒకేసారి, ఆ తర్వాత ఒకటి, చివరికి ఇంకొకటి, మొత్తం ఐదు తెరుస్తారు. ప్రతి దశలోనూ పందెం వేసే అవకాశం వస్తుంది: ఎదుటివాడు వేసినంత వేసి కొనసాగొచ్చు, పెంచొచ్చు, లేదా ముక్కలు పారేసి తప్పుకోవచ్చు. చివరిదాకా ఉన్నవాళ్లలో ఏడు ముక్కల్లోంచి మంచి ఐదు ఎవరికి కుదిరితే మధ్యలో పోగైన పందెం డబ్బు, అంటే పాట్, వాళ్లది. మిగతావాళ్లందరూ ముందే తప్పుకుంటే ముక్కలు చూపించకుండానే మిగిలినవాడిది.

ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, కొంత తెలుస్తుంది, కొంత తెలియదు, తెలియని భాగం డబ్బు పెట్టుకుంటూ పోతేనే కొంచెం కొంచెంగా తెలుస్తుంది. బేరం అచ్చంగా ఇలాగే నడుస్తుంది. చదరంగంలో అన్ని పావులూ బల్ల మీదే కనిపిస్తాయి, అందుకే చదరంగం బాగా ఆడేవాళ్లందరూ బేరం బాగా ఆడతారని నేను అనుకోను.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. డబ్బు పెట్టి ఆడొద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్‌లో పందెం కట్టి ఆడే రమ్మీ, పోకర్‌లని నిషేధించారు, 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం తెచ్చింది. చట్టం సంగతి అటుంచినా, ఈ ఆటల్లో కొంపలు పోగొట్టుకున్నవాళ్లు మన చుట్టూ ఉన్నారు. నేర్చుకోవడానికి చింతపిక్కలు చాలు, ఆ సంగతి చివర్లో చెప్తాను.

ఆపేసే రేటు ఎలా కట్టాలి

కాగితం మీది మొదటి అంకే ఆపేసే రేటు, రమ్మీ ఆడేవాళ్లకి ఇది వెంటనే తలకెక్కుతుంది. పదమూడు ముక్కల ఆటలో మొదట్లోనే డ్రాప్ అయితే 20 పాయింట్లు, మధ్యలో డ్రాప్ అయితే 40, చివరిదాకా పట్టుకుని కూర్చుని దెబ్బతింటే 80 దాకా పోతాయి. ముక్కలు చెత్తగా ఉన్నాయని మొదటి చూపులోనే తెలిసినా చాలామంది డ్రాప్ అవ్వరు, ఒక్క జోకర్ వస్తే తిరిగిపోతుందన్న ఆశ. పోకర్‌లో మంచి ఆటగాడు తనకి పంచిన వాటిలో ఎక్కువ భాగం ఒక్క పైసా పెట్టకుండా పారేస్తాడు. బేరంలో మనం పారేయలేకపోవడానికి కారణం మనకి ఆపేసే రేటు లేకపోవడం, ఉన్నా అది మాటల మధ్యలో పుట్టినది కావడం.

పచ్చి జీడి పిక్కలు కొంటున్నామనుకోండి. మన దగ్గర లెక్క 80 కిలోల బస్తా. బస్తాకి 21 కిలోల పప్పు దిగుతుందని, గుండు (విరగని నిండు గింజ), బద్ద (రెండుగా విడిపోయినది), ముక్క అన్నీ కలిపి కిలోకి సగటున 700 వస్తుందని అనుకుందాం. 14,700. కాల్చడం లేదా ఉడకబెట్టడం, కోత, పొట్టు తీయడం, గ్రేడింగ్, కరెంటు, వడ్డీ అన్నీ కలిపి బస్తాకి 2,000 అనుకుంటే 12,700 దగ్గర లాభమూ లేదు నష్టమూ లేదు. బస్తాకి 400 అయినా మిగలకపోతే ఈ శ్రమ ఎందుకు అనుకుంటే ఆపేసే రేటు 12,300. ఈ అంకెలు ఉదాహరణకి వేసినవే, మీ ఖర్చులు మీరు వేసుకోండి. కానీ వేసుకున్నాక ఆ అంకెని బేరం దగ్గర మార్చకండి. మార్చాలంటే ఒకటే కారణం ఉండాలి, సరుకు గురించి కొత్త సంగతి ఏదైనా తెలియడం. "ఇంత దూరం వచ్చాం, ఖాళీ లారీ వెనక్కి తీసుకెళ్తామా" అన్నది కొత్త సంగతి కాదు. లారీ కిరాయి అయిపోయిన ఖర్చు, పిక్కలు కొన్నా కొనకపోయినా అది తిరిగి రాదు. పోకర్‌లో పాట్‌లో వేసిన డబ్బు మీది కాదు, అది పాట్‌ది. ఈ ఒక్క మాట నిజంగా నమ్మగలిగితే సగం తప్పుడు బేరాలు అక్కడే ఆగిపోతాయి.

రెండో అంకె, అంటే రెండో దారి, మొదటి అంకెని సరిచేస్తుంది. వజ్రపుకొత్తూరు వైపు ఇంకో రైతు 12,100కి ఇస్తానంటే, దిగుబడి కూడా అంతే ఉంటుందని మీకు గట్టిగా తెలిస్తే, మీరు ఆపాల్సింది 12,300 దగ్గర కాదు, 12,100 దగ్గరే. రెండో దారి లేకుండా బేరానికి కూర్చోవడం కంటే ఒక రోజు ఆలస్యం చేసి ఆ దారి వెతుక్కుని కూర్చోవడం ఎప్పుడూ మేలు. బేరంలో మనిషికి ధైర్యం గొంతులోంచి రాదు, రెండో దారి ఉంటేనే వస్తుంది.

తర్వాతి ముక్క చూడటానికి ఎంత పెట్టొచ్చు

ఇది అన్నిటికంటే ముఖ్యమైన భాగం, నెమ్మదిగా చదవండి.

పాట్‌లో 1,000 ఉంది. ఎదుటివాడు 500 వేశాడు. మీరు కొనసాగాలంటే 500 వేయాలి, అప్పుడు పాట్ మొత్తం 2,000 అవుతుంది. 2,000లో 500 అంటే నాలుగో వంతు. అంటే నాలుగుసార్లలో కనీసం ఒకసారి గెలిచే అవకాశం ఉంటేనే ఆ 500 వేయడం గిట్టుబాటు. ఇప్పుడు మీ రెండు ముక్కలూ, మధ్యలో తెరిచిన నాలుగూ కలిపి చూస్తే ఇస్పేటు ముక్కలు నాలుగు ఉన్నాయి, ఐదోది పడితే గెలుస్తారు. పేకలో ఇస్పేట్లు పదమూడు, నాలుగు కనిపిస్తున్నాయి, తొమ్మిది మిగిలాయి. మీరు చూడని ముక్కలు 46. తొమ్మిది బై నలభై ఆరు, నూటికి ఇరవై కూడా లేదు. కావాల్సింది ఇరవై ఐదు. కాబట్టి, ఇస్పేటు పడ్డాక ఎదుటివాడి నుంచి ఇంకా రాబట్టుకోగలనన్న నమ్మకం గట్టిగా ఉంటే తప్ప, పారేయాలి. ఇంతే లెక్క, ఐదో తరగతి భాగహారం. చేయడం తేలికే, ఆ సమయంలో ఆగి చేయాలని గుర్తురావడమే కష్టం.

దీన్ని షాపులోకి తెద్దాం. దూరం ఊరి నుంచి ఒక కొత్త పార్టీ, "మా బ్రాండ్ పేరుతో ప్యాకింగ్ చేయించి శాంపిల్ లాటు పంపండి, నచ్చితే పండక్కి పెద్ద ఆర్డర్" అన్నాడు. డిజైను, కవర్లు, పప్పు, పార్సిల్ అన్నీ కలిపి 15,000 అవుతుంది. ఆర్డర్ వస్తే, ఈ 15,000 తీయకముందు, మిగిలేది 60,000. పదిహేను బై అరవై, మళ్లీ నాలుగో వంతే. ఇలాంటి కొత్త పార్టీలు నలుగురు అడిగితే ఒక్కరైనా నిజంగా ఆర్డర్ పెడతారా? మీ పాత చిట్టా తిరగేయండి, మీ వ్యాపారంలో ఎంతమంది పెట్టారో అక్కడే ఉంటుంది. పెట్టరనిపిస్తే 'కుదరదు' అని ముఖం మీద చెప్పేయాల్సిన పని లేదు, ధర మార్చండి. "కవర్ల ఖర్చు మీరు పెట్టుకోండి, పప్పు నేను పంపుతాను" అంటే మీ ఖర్చు 5,000కి దిగుతుంది, అప్పుడు పన్నెండు మందిలో ఒక్కరు నిలబడినా సరిపోతుంది. పైగా అతను ఆ మాటకి ఒప్పుకుంటే అతని మీద నమ్మకం పెరుగుతుంది, ఒప్పుకోకపోతే 15,000 మిగిలింది.

ఇప్పుడు దీనికి తిరగేసిన ఉదాహరణ, తర్వాతి ముక్క దాదాపు ఉచితంగా చూడగలిగే సందర్భం. పిక్కల కోత పరీక్ష. 200 బస్తాల లోడు ముందర నిలబడ్డాం. బస్తాకి 21 కిలోలు దిగుతుందా, 20 దిగుతుందా? ఒక్క కిలో తేడా, కిలో 700 చొప్పున, 200 బస్తాలకి 1,40,000. దాన్ని తెలుసుకోవడానికి అయ్యే ఖర్చు ఒక గంట, ఒక కిలో పిక్కలు. అయినా మొహమాటానికి పోయి, పై బస్తా మూతి విప్పి రెండు పిక్కలు కొరికి చూసి లోడు ఎత్తేసేవాళ్లని చూస్తూనే ఉంటాను, చాలా బాధగా ఉంటుంది.

పద్ధతి ఇది. పై వరుసవే కాదు, మధ్య వరుసవి, గోడ పక్కవి, అడుగువి, ఇలా వేర్వేరు బస్తాల్లోంచి గుప్పెడు గుప్పెడు తీయించి కలిపి, అందులోంచి కిలో తూయండి. ముందు లెక్కపెట్టండి, కిలోకి ఎన్ని ఎక్కువ పిక్కలు పడితే పిక్క అంత చిన్నది. తర్వాత కట్టర్‌తో ఒక్కొక్కటీ నిలువునా రెండుగా కోయించండి, కోసేవాళ్లు జీడి నూనె అంటకుండా వేళ్లకి బూడిదో ఆముదమో రాసుకుంటారు. కోసిన బద్దల్ని నేల మీద గోనె పరిచి వరసలుగా పెట్టండి: తెల్లగా నిండుగా ఉన్నవి ఒక వరస, మచ్చ ఉన్నవి ఒకటి, ముడుచుకుపోయిన లేతవి ఒకటి, కుళ్లినవి, డొల్లవి ఒకటి. మంచివాటి గింజ పూర్తి బరువు, మచ్చవాటిది, లేతవాటిది సగం బరువు లెక్కలోకి తీసుకుని 80తో గుణిస్తే బస్తాకి దిగే పప్పు వస్తుంది. ఆఫ్రికా నుంచి వచ్చే పిక్కల వ్యాపారంలో ఇదే అంకెని 80 కిలోల బస్తాకి ఇన్ని పౌన్లు అని చెప్తారు, 46 పౌన్లంటే 20.9 కిలోలు, 48 అంటే 21.8. అంటే పార్టీ మాటల్లో దొర్లే రెండు పౌన్ల తేడా బస్తాకి దాదాపు 900 గ్రాముల పప్పు.

ఆ గోనె మీద వరసలు చూశాక మీ మొదటి అంకెని మార్చండి, అప్పుడు మార్చడం సరైన పని. 20 కిలోలే దిగేలా ఉంటే 14,000లోంచి 2,000 ఖర్చు, 400 మిగులు తీసేస్తే ఆపేసే రేటు 11,600. రైతు ముందే వరసలు పరిచి ఉన్నాయి కాబట్టి మీరు తగ్గించమని అడిగినా అది దబాయింపులా ఉండదు, ఇద్దరూ ఒకే గోనె చూస్తున్నారు.

ఎదుటివాడి చేతిలో ఏముంది

కొత్తగా ఆడేవాడు "అతని దగ్గర రెండు ఆసులు ఉన్నాయి" అని ఒక్కటి ఊహించి దానికే అతుక్కుపోతాడు. బాగా ఆడేవాడు ఉండటానికి వీలున్న వాటినన్నిటినీ ఒక పరిధిగా మనసులో పెట్టుకుని, ఎదుటివాడు చేసే ప్రతి పనికీ అందులోంచి కొన్ని కొట్టేసుకుంటూ వస్తాడు. మీ కాగితం మీది మూడో అంకె ఇదే, కిందా పైనా.

ఏప్రిల్‌లో, ఉద్దానం పంట మార్కెట్‌కి దిగే రోజుల్లో, ఒక రైతు దగ్గరికి వెళ్లారనుకోండి. 11,500 నుంచి 13,000 మధ్య ఎక్కడైనా ఒప్పుకోవచ్చని రాసుకున్నారు. మీరు రేటు మాటే ఎత్తకముందే ఆయన "డబ్బు ఎప్పుడిస్తావు బావూ, ఈవారంలో అయితదా?" అని అడిగాడు. అంటే అవసరం ఉంది, పై అంకె కిందికి దిగింది. ఇంకో చోట రైతు మంచం మీదినుంచి లేవకుండానే, "ఏటి తొందర, గొడౌన్లో ఉన్నాయి, ఉంటాయి" అన్నాడు. కింది అంకె పైకి జరిగింది. కోత పరీక్ష చేద్దామంటే "మీకేటి కావాలో కోసుకోండి" అన్నవాడికీ, "చీకటి పడిపోతంది, లోడు ఎత్తేయండి ముందు" అన్నవాడికీ సరుకులో తేడా ఉండే అవకాశం ఎక్కువ. అవకాశం అనే అంటున్నాను, రెండోవాడికి నిజంగానే చీకటి భయం ఉండొచ్చు, అందుకే కోసి చూడాలి.

ముఖం చూసి కనిపెట్టేస్తాను అనే నమ్మకం మీద ఎక్కువ ఆధారపడకండి. ముక్కు గోక్కున్నాడు, కళ్లు దించాడు, ఇవన్నీ మనిషిని బట్టి మారిపోతాయి, కొత్త మనిషి విషయంలో అసలు పనికిరావు. ఏ ప్రశ్న ముందు అడిగాడు, ఏ ప్రశ్నకి జవాబు దాటేశాడు, ఫోన్ ఎంత సేపటికి తిరిగి చేశాడు, రేటు మీద పట్టుబడుతున్నాడా వాయిదా మీదా, వీటిలో ఉన్న సమాచారం చాలా ఎక్కువ. పప్పు కొనే పార్టీ 240 గుండు రేటు అడగకుండా "లోడు ఎన్నింటికి బయల్దేరుతుంది" అని అడిగితే అతనికి అవతల ఎవరో ఆగి ఉన్నారని అర్థం చేసుకోవచ్చు. (240 అంటే పౌనుకి 220 నుంచి 240 గింజలు పట్టే సైజు, 320 అంటే 300 నుంచి 320, అంకె తగ్గేకొద్దీ గింజ పెద్దది, రేటు ఎక్కువ.)

అతనూ మీ గురించి ఇదే చేస్తున్నాడని మర్చిపోకండి. మీ తొందర, మీ వడ్డీ గడువు, మీ గొడౌన్ నిండిపోయిందన్న సంగతి నోటితో చెప్పకపోయినా మీ ప్రశ్నల్లో బయటపడతాయి. అందుకే అడగాల్సిన ప్రశ్నలు కూడా ముందే రాసుకుని వెళ్లడం మంచిది.

ఎవరు ముందు నోరు విప్పాలి

పోకర్‌లో అందరికంటే చివర్లో ఆడే స్థానం బలమైనది, ఎందుకంటే మిగతావాళ్లు ఏం చేశారో చూసి నిర్ణయించుకోవచ్చు. బేరంలోనూ సాధారణంగా అవతలివాడితో రేటు చెప్పించడమే మంచిది. కానీ మార్కెట్ గురించి మీకు అతనికంటే బాగా తెలిసినప్పుడు మీరే ముందు చెప్పండి, కారణం కూడా కలిపి చెప్పండి, ఆ తర్వాత మాటలన్నీ ఆ అంకె చుట్టూనే తిరుగుతాయి. తెలియనప్పుడు మాత్రం నోరు విప్పకండి. ఒక రేటు చెప్పాక వచ్చే మౌనాన్ని భరించడం కూడా అలవాటు చేసుకోవాలి, ఆ నాలుగు క్షణాలు ఆగలేక తమ రేటు మీద తామే వంద తగ్గించుకునేవాళ్లు చాలామంది.

బ్లఫ్ గురించి

గణిత శాస్త్రవేత్త జాన్ వాన్ న్యూమన్ పోకర్‌ని లెక్కగా విడదీసి చూపించినప్పుడు తేలిందేమిటంటే, బ్లఫ్, అంటే చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు పందెం వేయడం, ధైర్యానికి సంబంధించినది కాదు, ఎప్పుడు ఎన్నిసార్లు వేయాలో లెక్క ఉన్న పని. 1,000 పాట్‌లో ఏమీ లేకుండా 500 వేస్తే, మూడుసార్లలో ఒకసారి అవతలివాడు పారేసినా నష్టం లేదు. 1,000 వేస్తే రెండుసార్లలో ఒకసారి పారేయాలి.

ఈ లెక్కని ఉన్నదున్నట్టు బేరంలోకి తెచ్చుకోకూడదు. పేకాటలో బ్లఫ్ ఆట నియమాల్లో భాగం, దొరికిపోయినా ఆ రౌండుతో పోతుంది. "హైదరాబాద్ పార్టీ 11,000కే ఇస్తానన్నాడు" అని లేని పార్టీని పుట్టించి చెప్తే, అది అబద్ధమని మందసలో తెలిసేలోపు సోంపేటలో తెలిసిపోతుంది, వచ్చే ఏడాది ఆ రైతు మీ లారీ చూసి గేటు వేసుకుంటాడు. ఆ లెక్కలో పాట్ ఈ లోడు ఒక్కటే కాదు, ముందు రాబోయే పంటలన్నీ. కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తాను: మీ ఆపేసే రేటు దాచుకోండి, మీ అవసరం దాచుకోండి, సరుకు గురించి గానీ ఇంకో పార్టీ గురించి గానీ ఒక్క అబద్ధం కూడా చెప్పకండి.

చట్టం కూడా దాదాపు ఇదే గీత గీసింది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో, ఊరికే మౌనంగా ఉండటం మోసం కాదని, మాట్లాడాల్సిన బాధ్యత ఉన్నచోట మౌనం మోసమే అవుతుందని వివరణ ఉంది. తెలిసి అబద్ధం చెప్పి ఒప్పించుకుంటే ఆ ఒప్పందాన్ని అవతలివాడు రద్దు చేసుకోవచ్చు. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలో కూడా 17వ సెక్షనే, శాంపిల్ చూపించి అమ్మితే మొత్తం సరుకు ఆ శాంపిల్‌కి సరిపోయి ఉండాలి అంటుంది. పైన తెల్ల గుండు, కింద పచ్చబడ్డ పప్పు వేసి పంపేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

ఉన్న ముక్కని సరిగ్గా వాడుకోకపోవడం కూడా అంతే నష్టం. చిన్న యూనిట్ నడిపేవాళ్లలో చాలామంది, పెద్ద పార్టీ తొంభై రోజుల వాయిదా అడిగితే చేతిలో ఏమీ లేదన్నట్టు ఒప్పేసుకుంటారు. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న తరహా తయారీ యూనిట్‌కి, 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల) అభివృద్ధి చట్టం ప్రకారం కొనుగోలుదారు ఒప్పందంలో రాసుకున్న గడువులోగా కట్టాలి, ఆ గడువు ఎలా రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. 2023లో ఆదాయపు పన్నులో తెచ్చిన మార్పుతో, గడువు దాటించి మార్చి 31కి కూడా కట్టకపోతే ఆ మొత్తాన్ని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడం కుదరదు. ఇది బెదిరించడానికి కాదు. బిల్లు మీద ఉద్యం నంబరు వేసి, "అయ్యా, మార్చిలోపు కట్టేస్తే మీ ఆడిటర్‌కి కూడా ఇబ్బంది ఉండదు" అని మర్యాదగా అంటే చాలు. అది నిజమైన ముక్క, బ్లఫ్ కాదు. కొని అమ్మే ట్రేడర్లకి మాత్రం ఈ రక్షణ లేదు, తయారీ యూనిట్లకీ సేవలు అందించేవాళ్లకీ మాత్రమే.

వేడెక్కినప్పుడు, మునిగిపోకుండా ఉండటానికి

పెద్ద పాట్ పోగొట్టుకున్నాక కోపంతో, కసితో తర్వాతి రౌండ్లు పిచ్చిగా ఆడటాన్ని పోకర్‌లో టిల్ట్ అంటారు. ఒక పార్టీ చెక్కు తిరిగొచ్చిన రోజు సాయంత్రం ఇంకో పార్టీతో రేటు మాట్లాడకండి. ఆ నష్టం ఈ మనిషి మీద తీర్చుకోవాలనిపిస్తుంది, లేదా టెన్షన్‌తో ఏదో ఒకటి అమ్మేసి చేతిలో డబ్బు చూసుకోవాలనిపిస్తుంది. "రేపు పొద్దున్న మాట్లాడదాం అన్నా" అంటే ఎవరూ తప్పుపట్టరు.

ఇంకొకటి, ఎంత మంచి ముక్కలైనా ఓడిపోతాయి. చేతిలో రెండు ఆసులు, అవతల రెండు రాజులు ఉంటే ఆసులవాడు నూటికి సుమారు 82 సార్లు గెలుస్తాడు. మిగతా 18 సార్లు ఓడినవాడు తప్పు ఆడాడా? లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసింది. అంతకుముందు సెప్టెంబర్‌లో, పాత దిగుబడులు చూసి, సరైన రేటుకే ఒక తోట ఫలసాయం గుత్తకి తీసుకుని డబ్బు కట్టినవాడు ఉన్నాడనుకోండి, అతని నిర్ణయం తప్పు కాదు, ఫలితం దారుణం. అలాగే శాంపిల్ చూడకుండా కొన్న లోడు బాగా దిగితే ఫలితం మంచిది, నిర్ణయం చెడ్డదే, అది మళ్లీ చేస్తే ఎప్పుడో ఒకప్పుడు ముంచుతుంది. ఈ రెండిటినీ విడదీసి చూడటం మన దగ్గర చాలా తక్కువ, నష్టపోయినవాడిని తెలివితక్కువవాడని, లాభపడినవాడిని గొప్పవాడని అనేస్తాం.

సరైన నిర్ణయం కూడా ముంచగలదు కాబట్టే ఆటగాళ్లు తమ డబ్బంతా ఒక్క బల్ల మీద పెట్టరు, ఒక్క ఆటకి తెచ్చుకునే మొత్తానికి కనీసం ఇరవై ముప్పై రెట్లు విడిగా ఉంచుకోవాలని చెప్పుకుంటారు. వ్యాపారంలో అంత కుదరదు. కానీ ఒకే పార్టీకి అరువు మీద ఎంతదాకా వెళ్లొచ్చో, ఒకే తోట మీద ఎంత పెట్టొచ్చో ఒక హద్దు ముందే రాసుకోవడం కుదురుతుంది. ఆ డబ్బు పూర్తిగా పోయినా వచ్చే నెల కూలీలకి జీతాలు ఇవ్వగలనా? ఇవ్వలేను అంటే లెక్క ఎంత బాగున్నా ఆ బేరం పెద్దది, సగం చేసుకోండి, లేదా ఇంకొకరిని కలుపుకోండి.

సాధన

ఒక నోటు పుస్తకం పెట్టండి. ప్రతి పెద్ద బేరానికి ముందు మూడు అంకెలు, కుదిరే అవకాశం నూటికి ఎంత అనుకుంటున్నారో, ఎందుకు అలా అనుకుంటున్నారో ఒక్క వాక్యం. ఫలితం తెలియకముందే రాయాలి, తెలిశాక రాస్తే మనసు లెక్క దిద్దేస్తుంది. పంట సీజన్ అయ్యాక, "నూటికి డెబ్భై" అని రాసినవన్నీ ఒకచోట చేర్చి నిజంగా డెబ్భై దగ్గర కుదిరాయో లేదో చూడండి. నలభయ్యే కుదిరితే మీకు ఆశ ఎక్కువ, వచ్చే సీజన్‌కి మీ అంచనాల్లోంచి ఆ మేరకు కోసుకోండి.

ఇంట్లో ఆడటానికి నలుగురు కావాలి, బావమరిది, పెదనాన్న కొడుకు, ఎవరైనా సరే, ఒక పేక, జోకర్లు తీసేసి. ఒక్కొక్కరికి వంద చింతపిక్కలు. మామూలు ఆటకి ఒక్క మార్పు చేయండి: ఎవరైనా పందెం వేసినప్పుడు, దానికి ఎదురు వేసేవాళ్లు ముందుగా ఒక చీటీ మీద "నా గెలుపు నూటికి ఇంత" అని రాసి బోర్లా పెట్టాలి. రౌండు అయ్యాక, ఓడినవాళ్లూ పారేసినవాళ్లూ కూడా ముక్కలు, చీటీలు తెరవాలి. పాట్ ఎంత ఉంది, ఎంత వేశారు, నూటికి ఎంత కావాల్సింది, చీటీ మీద ఎంత రాశారు, ఇవన్నీ అక్కడే కూర్చుని మాట్లాడుకోండి. ఆట కంటే ఈ మాటలకే ఎక్కువ సమయం పట్టాలి. ఒకటి రెండు ఆదివారాలు ఇలా ఆడాక, సోమవారం ఎవరైనా ఫోన్ చేసి "శాంపిల్ పంపండి" అనగానే చేయి దానంతట అదే భాగహారానికి పోతుంది.